పోసిన వెంటనే ఆవిరి పెట్టకండి: చలి ప్రాంతంలో ప్రీకాస్ట్ క్యూరింగ్ గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కాశ్మీరులో సోనమార్గ్ దగ్గర ప్రీకాస్ట్ యార్డు, అంటే కాంక్రీటు ముక్కల్ని అచ్చుల్లో ముందే పోసి తయారుచేసే చోటు. గోడ మందం 150 మి.మీ. ఉన్న డ్రెయిన్ బాక్సులు, ఎం40 కాంక్రీటు (28 రోజులకి 40 మెగాపాస్కల్ బలం రావాల్సినది). నవంబరు వచ్చేసరికి రాత్రిళ్ళు సున్నా కిందికి దిగుతోంది. మౌల్డు (అచ్చు) రోజుకొకసారి తిరగాలని పైనుంచి ఒత్తిడి. సాయంత్రం ఆరింటికి పోత అయిపోగానే టార్పాలిన్ కప్పి, ఆరున్నరకల్లా బాయిలర్ వాల్వు పూర్తిగా తిప్పేస్తున్నారు. పొద్దున ఆరింటికి టార్పాలిన్ లాగేసి మౌల్డు విప్పుతున్నారు. విప్పేటప్పుడు బలం సరిపోతోంది. కానీ పై ముఖం ఉబ్బినట్టుంది, మేకుతో గీకితే పొడి రాలుతోంది, మూలల దగ్గర వెంట్రుకల్లాంటి పగుళ్ళు, 28 రోజుల క్యూబులు (బలం పరీక్షకి పోసే ఘనాలు) తక్కువ చూపిస్తున్నాయి. "ఆవిరి పెంచాలా, సిమెంటు పెంచాలా?" అని అడిగారు.

రెండూ వద్దండీ. ఆవిరి ఆలస్యంగా మొదలుపెట్టండి, మెల్లగా పెంచండి, ఆపాక కూడా కప్పు తియ్యకండి. మీ కష్టమంతా మొదటి అరగంటలోనూ చివరి అరగంటలోనూ ఉంది. మధ్యలో బాయిలర్ చేసే పని దాదాపు సరిగానే ఉంది.

నేను రైల్వే స్లీపర్ల ఫ్యాక్టరీలో మొదలుపెట్టి ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్రీకాస్ట్‌లోనే ఉన్నాను. అందులో ఆరు చలికాలాలు ఉత్తరాదిన గడిపాను. సోనమార్గ్ దగ్గరి జోజిలా సొరంగం పని హైదరాబాదు కంపెనీకి వచ్చాక మన పిల్లలు చాలామంది అటు వెళ్తున్నారు. ఖమ్మంలోనో కాకినాడలోనో నేర్చుకున్న క్యూరింగ్ (పోసిన కాంక్రీటుని తేమా వేడీ చూసుకుంటూ గట్టిపడనివ్వడం) అలవాట్లు అక్కడ పనికిరావు. మన దగ్గర క్యూరింగ్ అంటే గోనెసంచులు తడపడం, ఎండ నుంచి కాపాడడం. అక్కడ నీళ్ళే శత్రువు అయ్యే రోజులుంటాయి.

మన భారత ప్రమాణం ఐఎస్ 7861 రెండో భాగం ప్రకారం గాలి వేడి 5 డిగ్రీలు, అంతకు తక్కువ ఉన్నప్పుడు చేసే పనిని చలి కాంక్రీటింగ్ అంటారు. సిమెంటుకీ నీటికీ జరిగే చర్య వేడి తగ్గేకొద్దీ మందగిస్తుంది. లోపలి నీరు గడ్డకడితే పరిమాణం 9 శాతం పెరిగి ఇంకా పట్టు రాని కాంక్రీటుని లోపల్నుంచి చీల్చేస్తుంది. ఒకసారి గడ్డకట్టడాన్ని తట్టుకోవాలంటే కాంక్రీటుకి కనీసం 3.5 మెగాపాస్కల్ బలం వచ్చి ఉండాలని అమెరికా కాంక్రీటు సంస్థ వాళ్ళ చలి మార్గదర్శి ఏసీఐ 306 చెబుతుంది. ఇదంతా మీకు తెలుసు, అందుకే ఆవిరి పెడుతున్నారు. నాకు కనిపించే చిక్కేమిటంటే, చలికి భయపడి కాంక్రీటుకి ఊపిరాడనంత వేడి మొదటి అరగంటలోనే ఇచ్చేస్తున్నారు.

పోసిన గంటలో కాంక్రీటు లోపల ఏముంటుందో ఒక్కసారి ఊహించండి. కంకర, ఇసుక, నీళ్ళు, సిమెంటు, వాటి మధ్య గాలి బుడగలు. 10 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే కంకర, ఇసుక పెరిగేది 0.15 శాతం దగ్గర. నీళ్ళు 1.7 శాతం పెరుగుతాయి. బుడగలోని గాలికి ఆపే గోడ లేకపోతే దాదాపు 18 శాతం పెరుగుతుంది, దానికి నీటి ఆవిరి ఒత్తిడి కూడా తోడవుతుంది. కాంక్రీటు అప్పటికి పట్టుకుని ఉంటే ఈ ఒత్తిడిని అదిమిపెడుతుంది. ఇంకా ముద్దగా ఉంటే బుడగలు ఉబ్బుతాయి, ఉబ్బినచోటే చుట్టూ గట్టిపడిపోతుంది. మౌల్డుకి కిందా పక్కలా ఇనుము ఉంది కాబట్టి ఆ ఉబ్బంతా తెరిచి ఉన్న పైముఖం మీదికి వస్తుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే.

నేను దీన్ని మొదట చూసింది ఉత్తరాదిలో ఒక యార్డులో, జనవరి నెలలో. రాత్రి షిఫ్టులో బాయిలర్ చూసే మనిషి చలికి తాళలేక పోత అవగానే వాల్వు తెరిచేవాడు. పొద్దున మట్టపుబద్ద పెట్టి చూస్తే మౌల్డు అంచు కంటే కాంక్రీటు మూడు మి.మీ. పైకి లేచి ఉంది. బొటనవేలి గోరుతో గట్టిగా గీకాను, పైపొర సుద్దలా లేచొచ్చింది. ఆ పొర కింద ముక్క విరగ్గొట్టి చూస్తే బుడగలన్నీ పై ముఖానికి సమాంతరంగా నొక్కిన అటుకుల్లా సాగి ఉన్నాయి. ఆ రోజు నుంచి ఏ యార్డుకి వెళ్ళినా నేను మొదట అడిగేది బాయిలర్ ఎన్ని టన్నులదని కాదు. పోతకీ ఆవిరికీ మధ్య ఎన్ని గంటలు వదులుతున్నారని అడుగుతాను.

ఆ విరామం ఎంత ఉండాలి? పుస్తకాల్లో మూడు నుంచి ఐదు గంటలని ఉంటుంది. అది 20 డిగ్రీల దగ్గర ఉన్న కాంక్రీటు మాట. వేడి ప్రతి ఐదారు డిగ్రీలు తగ్గినప్పుడల్లా సెట్ అయ్యే (ముద్ద బిగుసుకునే) సమయం మూడో వంతు చొప్పున పెరుగుతుందని లెక్క వేసుకోవచ్చు. అంటే గడియారం చూసి వాల్వు తిప్పితే చలిలో మోసపోతారు. కాంక్రీటునే అడగాలి. దానికి ఐఎస్ 1199 ఏడో భాగం (పాత ఐఎస్ 8142) పద్ధతి ఉంది: అదే కాంక్రీటుని 4.75 మి.మీ. జల్లెడలో జల్లించి, వచ్చిన మోర్టారుని ఒక డబ్బాలో నింపి, మౌల్డు పక్కనే అదే కప్పు కింద ఉంచండి. సూది దించే పరికరంతో గంటకోసారి చూడండి. నిరోధం 3.5 మెగాపాస్కల్‌కి వచ్చిందంటే తొలి సెట్ అయినట్టు. అప్పుడు వాల్వు తిప్పండి. వారం రోజులు ఇలా కొలిచి రాసుకుంటే మీ మిశ్రమానికి, మీ చలికి ఎన్ని గంటలు కావాలో మీకే తెలిసిపోతుంది.

"అన్ని గంటలు చలిలో వదిలేస్తే గడ్డకట్టదా?" అంటారు. వదిలెయ్యకూడదు. విరామం అంటే ఆవిరికి విరామం, కప్పుకి కాదు. కప్పు కింద గాలి 20 డిగ్రీల చుట్టూ ఉండేలా వాల్వుని సన్నగా, దారంలా తెరిచి ఉంచండి. 25 దాటనివ్వకండి. దీనికి ఓపికున్న మనిషి కావాలి, పెద్ద బాయిలర్ అక్కర్లేదు.

అసలు మౌల్డులోకి వచ్చే కాంక్రీటే వెచ్చగా ఉంటే సగం గొడవ తీరిపోతుంది. మీ ముక్క 300 మి.మీ. కంటే సన్నం కాబట్టి పోసేటప్పుడు కాంక్రీటు కనీసం 13 డిగ్రీలు ఉండాలి, ఇది ఏసీఐ 306 లెక్క. వేడి చెయ్యడానికి సులువైనది నీళ్ళు, ఎందుకంటే కిలో నీరు మోసే వేడి కిలో కంకర మోసేదానికి నాలుగున్నర రెట్లు. ఒక లెక్క చూపిస్తాను. ఘనమీటరుకి సిమెంటు 400 కిలోలు, 5 డిగ్రీల దగ్గర. కంకర, ఇసుక కలిపి 1850 కిలోలు, సున్నా దగ్గర. నీళ్ళు 160 కిలోలు, 60 డిగ్రీల దగ్గర. పొడి పదార్థాలకి 0.22 గుణకం (నీటితో పోలిస్తే అవి మోసే వేడి) వేస్తే మిశ్రమం వేడి 15 డిగ్రీల పైచిలుకు వస్తుంది. చాలు కదా అనిపిస్తుంది. ఇప్పుడు ఇసుక 700 కిలోల్లో 2 శాతం తేమ మంచుగా గడ్డకట్టి ఉందనుకోండి. అంటే 14 కిలోల మంచు. కిలో మంచు కరగడానికే 80 కిలోకేలరీలు తాగుతుంది, పైగా ఆ 14 కిలోలు వేడినీళ్ళలోంచి తగ్గించి పోస్తారు. మళ్ళీ లెక్క వెయ్యండి, 12 దగ్గరికి పడిపోతుంది. ట్రాన్సిట్ మిక్సర్‌లో దారిపొడుగునా పోయేది దీనికి అదనం. అందుకే కంకర కుప్పలకంటే ముందు ఇసుక కుప్పని కప్పండి, కుదిరితే దాని అడుగున ఒక ఆవిరి గొట్టం నడపండి. బాయిలర్‌కి పగలు పని లేదుగా. నీళ్ళు 60 దాటి వేడిగా ఉంటే సిమెంటు మీద నేరుగా పడనివ్వకండి, ఉండలు కడుతుంది. ముందు నీళ్ళూ కంకరా తిప్పి, ఆ తర్వాత సిమెంటు వెయ్యండి.

అడ్‌మిక్చర్ (కాంక్రీటులో కలిపే రసాయనం) కూడా ఒకసారి చూసుకోండి. వేసవికోసం కొన్న డ్రమ్ములే వాడుతుంటే అందులో సెట్‌ని ఆలస్యం చేసే మందు కలిసి ఉంటుంది. దానివల్ల మీ విరామం ఎనిమిది గంటలకి పోయినా ఆశ్చర్యం లేదు. ప్రీకాస్ట్ రకం అడగండి. త్వరగా సెట్ అవుతుందని కాల్షియం క్లోరైడు మాత్రం కలపనివ్వకండి, లోపలి కమ్మీ తుప్పు పట్టిపోతుంది.

ఇక వేడి పెంచే వేగం. గంటకి 15 డిగ్రీలు పెట్టుకోండి, 20 దాటొద్దు. కప్పు కింద గాలి 55 దగ్గర నిలపండి. సిమెంటు తనంతట తాను పుట్టించే వేడి వల్ల కాంక్రీటు మధ్యభాగం గాలికంటే మరో అయిదు నుంచి పది డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. మీ థర్మామీటర్ టార్పాలిన్‌కి వేలాడుతోందని రాశారు. అది గాలి సంగతి చెబుతుంది, కాంక్రీటు సంగతి దానికి తెలియదు. కాంక్రీటు లోపలి వేడి కొలిచే కె-టైపు థర్మోకపుల్ తీగ కొనండి, ఖరీదు తక్కువే. ఒకటి గోడ మధ్యలో, ఒకటి పై ముఖానికి 20 మి.మీ. లోతులో, ఒకటి బాయిలర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న ముక్కలో పాతండి. అరగంటకోసారి రాయించండి. బాయిలర్ పక్క ముక్కకీ చివరి ముక్కకీ పదిహేను డిగ్రీల తేడా నేను చాలా యార్డుల్లో చూశాను. ఒక ముక్క మాడుతుంటే ఇంకోటి వణుకుతుంటుంది.

కాంక్రీటు 70 డిగ్రీలు దాటకూడదన్న గీతని మాత్రం ఎవరు ఎంత ఒత్తిడి చేసినా జరపకండి. 1980లలో జర్మనీలోనూ ఫిన్లాండ్‌లోనూ ఎక్కువ వేడి మీద క్యూర్ చేసిన స్లీపర్లు కొన్నేళ్ళు ట్రాకులో బాగానే ఉండి, తర్వాత పగిలాయి. సిమెంటులో తొలి గంటల్లో ఏర్పడాల్సిన ఎట్రింజైట్ అనే స్ఫటికం ఆ వేడికి నిలవలేకపోతుంది. గట్టిపడిన తర్వాత, తేమ తగిలినప్పుడల్లా, నెలలూ సంవత్సరాల మీద మళ్ళీ పుట్టి లోపల్నుంచి తోస్తుంది. తేమ లేనిచోట ఇది అంతగా బాధించదు. కానీ మీరు చేస్తున్నది డ్రెయిన్ బాక్సు, జీవితమంతా నీళ్ళలో ఉండేది.

మీ 28 రోజుల క్యూబులు తగ్గడానికి ఉబ్బు ఒక కారణం, తొందరపడి వేడి పెట్టడం ఇంకో కారణం. మొదట్లో ఎక్కువ వేడి తిన్న కాంక్రీటు తెల్లారేసరికి ముందుంటుంది, నెల తిరిగేసరికి మామూలు క్యూరింగ్ కాంక్రీటు దాన్ని దాటిపోతుంది. త్వరత్వరగా పుట్టిన సిమెంటు జిగురు గింజల చుట్టూ దట్టంగా పేరుకుని, దూరంగా ఉన్న ఖాళీలని నింపకుండా ఆగిపోతుంది. వేడినీ సమయాన్నీ కలిపి ఒక్క అంకెగా చూసే మెచ్యూరిటీ లెక్క 1949లో నర్స్, 1951లో సాల్ అనే పరిశోధకులు ఈ ఆవిరి క్యూరింగ్ మీద చేసిన పని నుంచే వచ్చింది. వేడికి 10 కలిపి గంటలతో గుణిస్తారు. 5 డిగ్రీల దగ్గర ఒక గంట 15 అయితే, 60 దగ్గర ఒక గంట 70. యార్డులో ఉజ్జాయింపుకి ఇది చాలా పనికొస్తుంది. అయితే సాల్ అప్పుడే ఒక షరతు పెట్టాడు: కలిపిన మొదటి రెండు గంటల్లో కాంక్రీటు 50 డిగ్రీలకి చేరితే ఈ లెక్క చెల్లదు. మీ అరగంట విరామంతో మీరు పోతున్నది సరిగ్గా ఆ దారిలోనే.

క్యూబుల విషయంలో ఒక మాట. కప్పు కింద పెట్టిన క్యూబు చిన్నది కాబట్టి త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది. ముక్క బలాన్ని అది ఉన్నదున్నట్టు చెప్పదు. మౌల్డు విప్పడానికి, ఎత్తడానికి కప్పు కింది క్యూబులు వాడండి, వాటిని బాయిలర్‌కి దూరంగా ఉన్న చల్లటి మూలలో పెట్టండి. మిశ్రమం మంచిదా కాదా తేల్చడానికి వేరే క్యూబులు 27 డిగ్రీల నీళ్ళలో మామూలుగా ఉంచండి. ఈ రెండు రకాలూ ఒకే రిజిస్టర్ కాలమ్‌లో రాస్తే ఏది ఎందుకు తగ్గిందో ఎవరికీ అంతుపట్టదు.

ఇప్పుడు మూలల పగుళ్ళ సంగతి. ఇవి చల్లార్చడంలో వచ్చినవి. పొద్దున ఆరింటికి బయట మైనస్ నాలుగు, ముక్క 55 దగ్గర. టార్పాలిన్ లాగగానే ముక్కల మీంచి తెల్లటి పొగ లేస్తుంది, చూడ్డానికి అందంగా ఉంటుంది. ఆ క్షణంలో పైపొర చల్లబడి ముడుచుకుంటోంది, లోపలిది ఇంకా వేడిగా సాగే ఉంది. 40 డిగ్రీల తేడాకి కాంక్రీటు మీటరుకి 0.4 మి.మీ. ముడుచుకోవాలనుకుంటుంది. అది పగలకుండా ఓర్చుకోగలిగేది మీటరుకి 0.1 నుంచి 0.15 మి.మీ. మాత్రమే. పగుళ్ళు అప్పుడే కంటికి కనపడవు. ముక్క తడిగా ఉండి, ఆరడం మొదలయ్యాక చూడండి: చుట్టూ కాంక్రీటు తెల్లబడుతుంది, పగులు వెంట మాత్రం తడి నిలిచి నల్లటి గీతలా ఉండిపోతుంది. ఆ పది నిమిషాలే వాటిని పట్టుకునే సమయం. పూర్తిగా ఆరిపోతే మళ్ళీ కనబడవు.

ఏసీఐ 306 ప్రకారం 300 మి.మీ. లోపు మందానికి కాపుదల తీసేశాక మొదటి 24 గంటల్లో 28 డిగ్రీలకు మించి వేడి తగ్గకూడదు. నేను సన్నటి ముక్కలకి 20 పెట్టుకుంటాను, మూలలు రెండు వైపులనుంచీ చల్లబడతాయి కాబట్టి. అందుకే ఆవిరి ఆపాక కప్పు అలాగే ఉండనివ్వండి. టార్పాలిన్ ఒకే పొర అయితే రాత్రి గాలికి త్వరగా చల్లబడుతుంది. రెండు పొరలు వేసి మధ్యలో పాత కంబళ్ళు గానీ థర్మోకోల్ షీట్లు గానీ పెట్టండి. అంచులకి ఇసుక బస్తాలు వరసగా, సందు లేకుండా. అడుగు నేల గడ్డకట్టి ఉంటే పైనుంచి ఇచ్చిన వేడి కిందికి జారిపోతుంది, మౌల్డు కింద చెక్క పలకలు పరవండి.

మీ రోజుని ఇలా మార్చి చూడండి. సాయంత్రం ఆరింటికి కాదు, మధ్యాహ్నం రెండింటికి పోత ముగియాలి, ఎండ వేడి అప్పుడే కాస్త దొరుకుతుంది. రెండు నుంచి ఏడు వరకూ కప్పు కింద 20 డిగ్రీలు. ఏడింటికి సూది పరీక్ష సరే అంటే ఆవిరి. తొమ్మిదిన్నరకల్లా గాలి 55. తెల్లవారుజామున మూడింటిదాకా అక్కడే. మూడింటికి వాల్వు పూర్తిగా ఒకేసారి కట్టెయ్యకుండా గంటసేపట్లో కొంచెంకొంచెంగా తగ్గించండి. తర్వాత కప్పు కిందే చల్లారనివ్వండి. తొమ్మిది, పదింటికి ఎండ పడ్డాక థర్మోకపుల్ చూసి ఒక పక్క ఎత్తండి, గంట ఆగి పూర్తిగా తియ్యండి. పదకొండింటికి మౌల్డు విప్పి, తుడిచి, నూనె రాసి, మళ్ళీ పోత. మౌల్డు రోజుకొకసారే తిరుగుతోంది, పైవాళ్ళకి చెప్పుకోడానికి కూడా ఇబ్బంది లేదు. షిఫ్టు మాత్రం పగటికి జరపాలి, అది మీరు గట్టిగా అడగాల్సిన విషయం.

గొట్టాల గురించి: చిల్లుల గొట్టం మౌల్డు వైపు కాకుండా నేలవైపు ఊదాలి. ఆవిరి ధార నేరుగా తగిలినచోట కాంక్రీటు కాలినట్టే. గొట్టంలో నిలిచిన నీళ్ళు రాత్రి పని లేనప్పుడు గడ్డకట్టి పగలగొడతాయి కాబట్టి వాలు పెట్టి చివర డ్రెయిన్ వాల్వు ఉంచండి. ఘనమీటరు కాంక్రీటుని 10 నుంచి 55కి తేవడానికి లెక్కకి 48 కిలోల ఆవిరి చాలు. మౌల్డు ఇనుము, సందులు, నేల అన్నీ తాగేది కలిపితే దానికి రెండు మూడింతలు పెట్టుకోండి. అంత ఎత్తులో గాలి పలచన, డీజిల్ బర్నర్‌కి గాలి సరిచెయ్యకపోతే నల్లపొగ వస్తుంది, ఆవిరి తగ్గుతుంది.

ఆవిరి చాలట్లేదని కప్పు కింద బుఖారీలు (కాశ్మీరీ పొయ్యిలు) గానీ బొగ్గుల కుంపట్లు గానీ పెట్టనివ్వకండి. వాటినుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు పచ్చి కాంక్రీటు పైముఖాన్ని సుద్ద చేసేస్తుంది, మీరు చెప్పిన పొడిలో దాని వాటా కూడా ఉందేమో కనుక్కోండి. అంతకంటే ముఖ్యం, కార్బన్ మోనాక్సైడ్ మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. చలికి తట్టుకోలేక కూలీలు ఆ టార్పాలిన్ కిందే పడుకుంటారు. వాళ్ళకి పొగగొట్టం ఉన్న వెచ్చటి గది వేరుగా ఇవ్వాల్సిందే.

విప్పాక ముక్కని నీళ్ళతో తడపకండి. ఆవిరిలో నానిన ముక్క నిండా నీరు ఉంటుంది, ఆ తడితోనే ఆరుబయట పడేస్తే రాత్రికి గడ్డకట్టి పైపొర పొలుసులుగా లేస్తుంది. నానిన కాంక్రీటు పదేపదే గడ్డకట్టి కరగడాన్ని తట్టుకోవాలంటే 24 మెగాపాస్కల్ దాకా బలం రావాలి, మిశ్రమంలో గాలి బుడగల అడ్‌మిక్చర్ కూడా ఉండాలి. రెండు రోజులు షెడ్డులో ఉంచి పైతడి ఆరనిచ్చి బయటికి పంపండి.

మీ రెండో ప్రశ్న, మీటరు మందం ఉన్న రిటైనింగ్ గోడకి సైటులోనే ఆవిరి పెట్టాలా అని. అవసరం లేదు. అంత మందానికి సిమెంటు వేడే సరిపోతుంది, దాన్ని బయటికి పోనివ్వకుండా షట్టరింగ్ వెనక ఇన్సులేషన్ కట్టండి. ఆవిరి పెడితే మధ్యభాగం 70 దాటిపోయే ప్రమాదం ఉంది. తీసేటప్పుడు ఆ మందానికి రోజుకి 17 డిగ్రీలకు మించి తగ్గకుండా చూసుకోండి.

ఇప్పటికే పోసిన ముక్కలు ఎన్ని ఉన్నాయో రాయలేదు. వాటిని తారీఖులవారీగా వేరుచేసి, తడిపి ఆరేటప్పుడు పగుళ్ళకి సుద్దతో గీత పెట్టించండి, ఈ తడపడం మాత్రం ఎండ ఉన్నప్పుడే. పైపొర పొడిగా రాలేవాటిని వైర్ బ్రష్‌తో గట్టి కాంక్రీటు తగిలేదాకా రుద్ది, ఎంత లోతు పోయిందో కొలవండి. కవర్ (కమ్మీ మీద ఉండే కాంక్రీటు మందం) 5 మి.మీ. కంటే ఎక్కువ తగ్గినవి డిజైనర్‌కి చూపించకుండా పంపొద్దు. సందేహం ఉన్న తారీఖుల్లోంచి రెండేసి ముక్కలకి అల్ట్రాసోనిక్ పరీక్ష (కాంక్రీటులో శబ్ద తరంగం ఎంత వేగంగా పోతుందో కొలిచేది) చేయించండి, పై అంచుకి దగ్గరగా ఒకటి, గోడ మధ్యలో ఒకటి. రెండు చోట్లా వేగం దగ్గరగా వస్తే ఉబ్బు పైపైనే ఉన్నట్టు. పై అంచు దగ్గర బాగా తగ్గితే అక్కడ కోర్ (డ్రిల్లుతో కోసిన గుండ్రటి ముక్క) తీసి నొక్కి చూడాల్సిందే. ఆ ఫలితాలూ, ఒక రాత్రి థర్మోకపుల్ రీడింగులూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.